పొద్దున్నే రాసిపెట్టిన నివేదిక

మా అక్క మొగుడు తన పెళ్లి మీద నివేదికని పెళ్లికి ముందురోజే రాసిపెట్టుకున్నాడు. మా మనవలు నమ్మరు గానీ నేను కళ్లారా చూశాను. సరిగ్గా రెండు పేజీలు. "బంధుమిత్రులు అధిక సంఖ్యలో విచ్చేసి కార్యక్రమాన్ని జయప్రదం చేశారు. భోజనాలు సంతృప్తికరంగా జరిగాయి." మర్నాడు వంటవాడు రానేలేదు. నేనూ మా నాన్నా బేకరీకి పరుగెత్తి, ఉన్న రొట్టెలన్నీ ఊడ్చుకొచ్చి, తలా ఒక ముక్క చేతిలో పెట్టాం. సాయంత్రం బావ పక్కన కూర్చుని, "బావా, ఆ భోజనాల ముక్క మారుస్తావా?" అని అడిగాను.

"ఎందుకురా? ఎవరైనా ఫిర్యాదు రాసిచ్చారా?" అన్నాడు.

ఇది కాస్త సాగదీసి ఉంటాను. కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ వయసులో కూడా నా మోకాళ్లు ఇంత గట్టిగా ఉన్నాయంటే కారణం అదే. కానీ ఇప్పుడు చెప్పబోయేదాన్ని సాగదీయలేదు. అందులో సగం బావ చెప్పింది, సగం అక్క చెప్పింది, చివరి ముక్క నేను చూసింది.

బావ ఒక కాలేజీలో లెక్చరర్. కామర్స్ చెప్పేవాడు. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడిచేవాడు. పెన్నుకి మూత పెట్టడం ఆయన వల్ల అయ్యేది కాదు. మూత ఒక చోట, పెన్ను జేబులో. ఇంట్లో ఉన్న తెల్ల చొక్కాలన్నిటికీ గుండె దగ్గర ఒక నీలం మచ్చ ఉండేది. "ఈయన చొక్కాలు దొంగ ఎత్తుకుపోయినా ఊళ్లో ఎవరివో ఇట్టే పట్టేస్తారు," అనేది అక్క.

కాలేజీలో ఆయన్ని రెండు పేజీలు అనేవారు. ఎదురుగా కాదనుకోండి. ఏ సభ జరిగినా, ఏ సర్వే చేసినా, పైఆఫీసు వాళ్లు దేని మీద సంక్షిప్త నివేదిక అడిగినా ఆయన చేతికే వచ్చేది. ఎంత పెద్ద విషయమైనా రెండు పేజీల్లో ఒదిగిపోయేది, ఎంత చిన్న విషయమైనా రెండు పేజీలు నిండేది. ఆ కాలేజీలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. మీటింగులు సాయంత్రం పెట్టేవారు, టైపిస్టు మధ్యాహ్నమే వెళ్లిపోయేవాడు, నివేదిక మీద మాత్రం ఆ రోజే సంతకాలు పడాలి. అందుకని బావ పొద్దున్నే రాసేసేవాడు. టైపు అయ్యేది. సాయంత్రం మీటింగు చివర్న లేచి చదివేవాడు. అందరూ సంతకం పెట్టి టీ తాగి ఇళ్లకి వెళ్లేవారు.

ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ముఖ్య అతిథి విద్యార్థులు క్రమశిక్షణతో మెలగాలన్నారు అని రాస్తాడు. అనని ముఖ్య అతిథి ఎవరు? ఒకసారి గొంతు పోయిన అతిథి వచ్చి, చేతులు మాత్రం ఊపి కూర్చున్నాడట. నివేదికలో ఆయన సుదీర్ఘంగా ప్రసంగించారని ఉంది. ఆయన కూడా విని తల ఊపి సంతకం పెట్టాడు.

ఆ కాలేజీలో సాయంకాలం డిగ్రీ క్లాసులు కూడా నడిచేవి. పగలంతా పనికి పోయేవాళ్లు చీకటి పడే వేళకి వచ్చి కూర్చునేవారు. బస్సు డిపోలో మెకానిక్ ఒకడు, ఆస్పత్రి నర్సు ఒకావిడ, ఏదో గోదాము దగ్గర సెక్యూరిటీ పెద్దాయన, ఇంకా కొందరు. మా వీధి చివర లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడ కూడా అందులోనే. ముప్పై దాటిన మనిషి. వాళ్ల నాన్న మంచాన పడినప్పుడు కాలేజీ మానేసి పనిలో చేరిందట. ఇన్నేళ్లకి మళ్లీ పుస్తకాలు పట్టింది. క్లాసులో అందరికీ ఆవిడ అక్క. బావ చొక్కాలు ఆవిడ దగ్గరికే వెళ్లేవి. "సార్, మీ జేబు చూస్తే చాలు, ఆ వారం మీరెంత రాశారో తెలిసిపోతుంది," అనేది నవ్వుతూ. బావకి ఆ మాట ఇష్టం. ఇంటికొచ్చి అక్కకీ, వాళ్లతోనే ఉండే నాకూ చెప్పేవాడు.

ఇలా ఉండగా పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సాయంకాలం క్లాసులు విడిగా ఉంచాలా, పగటి క్లాసుల్లో కలిపేయాలా? విద్యార్థుల అభిప్రాయం తీసుకుని ఒక సంక్షిప్త నివేదిక పంపండి. ప్రిన్సిపాల్ బావని పిలిచి కాగితం చేతికిచ్చాడు. చెడ్డవాడు కాదాయన. సాయంత్రం పూట పాఠం చెప్పడానికి లెక్చరర్లు దొరక్క, వాచ్‌మన్ విసుక్కుంటుంటే వినలేక విసిగిపోయాడు. "మీకు తెలియంది ఏముంది," అన్నాడు. అంతే అన్నాడు.

బావకి తెలిసింది. ఆయనకీ సాయంత్రాలు ఖాళీ అయితే బాగుండునని ఉంది. మేమిద్దరం చదరంగం ఆడి ఎన్నాళ్లో అయింది. మీటింగు రోజు పొద్దున్న భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి రాశాడు. "సాయంకాల విభాగం విద్యార్థులు పగటి విభాగంలో విలీనానికి సుముఖత వ్యక్తం చేశారు." కింద ఇంకో వాక్యం. "ఇతర అభిప్రాయాలు కూడా వెలువడ్డాయి." ఈ రెండో వాక్యం ఆయన ప్రతి నివేదికలోనూ ఉండేది. కుర్చీ ఊగకుండా కాలి కింద దూర్చే అట్టముక్క లాంటిదది.

అక్క కాఫీ పెట్టి తొంగి చూసింది. "మీటింగు సాయంత్రం కదండీ?"

"సాయంత్రమే."

"మరి వాళ్లేమన్నారో మీకెలా తెలుసు?"

"ఏమంటారే? ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు గడియారం చూస్తారు," అన్నాడు బావ, పెన్ను జేబులో పెట్టుకుంటూ. మూత లేకుండానే.

సాయంత్రం మేడ మీద గదిలో ఎవరూ గడియారం చూడలేదు. ఒక్కరు కూడా మానకుండా వచ్చారు. మెకానిక్ గోళ్లలో గ్రీజుతో వచ్చాడు. నర్సు యూనిఫాం మార్చుకోకుండా వచ్చింది. లాండ్రీ ఆవిడ చేతులకింకా సబ్బు వాసన పోలేదు. బావ ముందు బల్ల మీద ఫైలు ఉంది, ఫైలు కింద టైపు చేసిన రెండు పేజీలు ఉన్నాయి.

ముందు మెకానిక్ లేచాడు. "సార్, మా ఓనరు నన్ను పగలు కాలేజీకి పంపాలంటే ముందు బస్సులు చెడిపోవడం మానేయాలి." అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నర్సు తన డ్యూటీల సంగతి చెప్పింది. సెక్యూరిటీ పెద్దాయన, "నేను క్లాసులో కునుకు తీస్తానని సార్‌కి కోపం. నిద్రపోయినా ఇక్కడే పోతాను సార్. ఇంటి దగ్గర పడుకుంటే చెవిలో పాఠం చెప్పేవాళ్లెవరూ లేరు," అన్నాడు. లాండ్రీ ఆవిడ లేచి బెంచీ అంచు పట్టుకుంది. "పగలు రమ్మంటే నన్ను మానేయమన్నట్టే సార్. ఒకసారి మానేశాను. అప్పుడు నాన్న కోసం కాబట్టి ఏడుపు రాలేదు. ఈసారి ఎవరి కోసమని చెప్పుకోను?" అని కూర్చుంది.

ఎవరు మాట్లాడినా అదే మాట. కలపొద్దు. బావ తల ఊపుతూ ఉన్నాడు. చేతిలో పెన్ను ఉంది. ఒక్క ముక్క రాయలేదు, రాయాల్సింది ఎప్పుడో రాసేశాడు కదా.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, "మీ మాటలన్నీ నమోదయ్యాయి. సార్ రిపోర్టు చదువుతారు," అన్నాడు.

రేపు చదువుతానంటే సరిపోయేది. ఆ మాట తోచలేదు. ఇన్నేళ్ల అలవాటుకి కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి అని చెప్పాడు బావ నాతో. మొదటి పేరా గడగడా చదివాడు. రెండో పేరాలో ఆ వాక్యం ఎదురుగా బస్సు వస్తున్నట్టు కనపడింది. దాటేద్దామంటే ప్రిన్సిపాల్ చేతిలో ఇంకో ప్రతి ఉంది. చదివేశాడు. సుముఖత వ్యక్తం చేశారు.

ఎవరైనా లేచి అరుస్తారనుకున్నాడు. ఎవరూ లేవలేదు. పాఠం విన్నట్టే విన్నారు. మెకానిక్ తల ఊపాడు. సెక్యూరిటీ పెద్దాయన, "బాగా రాశారు సార్," అన్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు రాస్తే తమ మాటలు ఇలాగే వినపడతాయి కాబోలు అనుకున్నారు వాళ్లు.

కాగితం సంతకాలకి బయలుదేరింది. లాండ్రీ ఆవిడ దగ్గర ఆగింది.

"సార్, ఒక్క నిమిషం. మా షాపులో చీటీ రాశాక కస్టమరుకి చదివి వినిపించి, ఆయన అవునంటేనే చింపి ఇస్తాం. మీరూ చదివారు. కానీ మేం చెప్పింది ఎక్కడొచ్చిందో నాకు దొరకలేదు. నా చెవిదే లోపమేమో. కాస్త చూపిస్తారా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బతికిపోయేవాణ్ణిరా అన్నాడు బావ. ఆవిడ నిజంగానే వెతుక్కుంటోంది. గదిలో అందరూ ఇటే చూస్తున్నారు. బావ వంగి, చివరి వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇదిగోనమ్మా. ఇతర అభిప్రాయాలు కూడా వెలువడ్డాయి."

"ఇదేనా సార్ మేం అన్నది?"

"అదే. క్లుప్తంగా."

ఆవిడ మొహం విప్పారింది. "మేమంతసేపు వాగిందాన్ని ఎంత చిన్నగా పట్టించారు సార్," అని సంతకం పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. వెనక బెంచీకి తిరిగి, "మనది ఇక్కడుంది చూడండి," అంటూ అదే వాక్యం మీద తన వేలు పెట్టి ఒక్కొక్కళ్లకీ చూపించింది. చూసినవాళ్లు చూసినట్టు సంతకాలు పెట్టారు.

బావ ఇంటికొచ్చేసరికి నేను చదరంగం బల్ల పరుచుకుని కూర్చున్నాను. ఆయన కూర్చుని, నాలుగో ఎత్తుకే మంత్రిని నా చేతిలో పెట్టాడు. అక్క వడ్డించిన కంచం అలాగే ఉంది. ఏమైందంటే మెల్లగా చెప్పాడు. నా నోరు ఊరుకోదు కదా. "పోన్లే బావా, సాయంత్రాలు ఖాళీ అయ్యాయిగా, ఇంకో ఆట వేద్దాం," అన్నాను. ఆయన తిట్టలేదు. కుడి చూపుడువేలు బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నా జోకు నోట్లోనే చచ్చింది.

"వెళ్లి వాళ్లతో చెప్పండి," అంది అక్క.

"ఏమని?"

"చూపించింది అబద్ధమని."

"ఆ మాట నా నోటివెంట రాదే."

"నోటివెంట రాకపోతే రాసివ్వండి. రెండు పేజీల్లో."

అక్క ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఆ రోజూ మాట్లాడలేదు. కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బావ ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డాడు. నివేదిక ఇంకా టపాలో పడలేదు, బల్ల మీదే ఉంది. ప్రిన్సిపాల్ టీలో చెంచా తిప్పుతూ విన్నాడు.

"అందరూ సంతకాలు పెట్టారు. ఒక్కళ్లు కూడా పల్లెత్తు మాట అనలేదు. మీకేమిటి బాధ?"

"అనకపోవడమే సార్."

"మార్చాలంటే కొత్త సంతకాలు కావాలి. కొత్త సంతకాలు కావాలంటే పాతదాంట్లో తప్పేమిటో మీరే వాళ్లకి చెప్పాలి. చెప్పగలరా?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

"రేపు పొద్దుటి టపా దాకా ఆపుతాను. ఆ తర్వాత ఇదే వెళుతుంది," అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ సాయంత్రం క్లాసులోకి వెళ్లి, బోర్డు మీద పాఠం పేరు రాసి, చెరిపేసి, సుద్దముక్క వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు బావ. 

"నిన్నటి రిపోర్టు నేను నిన్న పొద్దున రాశాను," అన్నాడు.

మెకానిక్‌కి అర్థం కాలేదు. "మీటింగు సాయంత్రం కదా సార్?"

"సాయంత్రమే."

"మరి పొద్దున ఎలా..." అని, మధ్యలోనే ఆగిపోయాడు. పక్కనున్న నర్సు వంక చూశాడు. ఆవిడ పుస్తకం మూసేసింది.

లాండ్రీ ఆవిడ తల ఎత్తలేదు. "మరి నాకు చూపించిన లైను?"

"అది మీది కాదమ్మా. అన్ని రిపోర్టుల్లోనూ రాస్తాను. మీరు మాట్లాడకపోయినా ఉండేది."

 ఆవిడ వెనక్కి తిరిగి క్లాసుని చూసింది. "నేనే కదా మీ అందరికీ చూపించాను," అంది వాళ్లతో. "నన్ను చూసే పెట్టారు."

బావకి తల కొట్టేసినట్టయింది. తన అబద్ధం తనతో ఆగి ఉంటే ఎలాగో మోసేవాడు. దాన్ని ఆవిడ చేత మోయించాడు.

"పోన్లే అక్కా, సారే వచ్చి చెప్పారుగా," అన్నాడు సెక్యూరిటీ పెద్దాయన.

"చెప్పకపోతే?" అంది ఆవిడ.

 బావ వచ్చి విద్యార్థుల బెంచీ మీద కూర్చున్నాడు. తెల్లకాగితాలు తీసి, పాత నివేదిక రేపు పొద్దుటి టపాలో వెళ్లిపోతుందని చెప్పి, మళ్లీ చెప్పమని అడిగాడు. "నిన్న చెప్పాంగా సార్," అంది నర్సు. అవును, చెప్పారు. కానీ ఎంత తవ్వుకున్నా ఆయనకి బస్సుల జోకు, లాండ్రీ ఆవిడ చివర్న అన్న ముక్క తప్ప ఏమీ గుర్తు రావడంలేదు. విననిది ఎక్కడి నుంచి గుర్తొస్తుంది? ఆ సంగతి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. పాతికేళ్లుగా పాఠాలు వినమని జనాన్ని బతిమాలిన మనిషి, ఆ వేళ చెప్పమని బతిమాలాడు.

చివరికి లాండ్రీ ఆవిడే అంది. "చెప్పండర్రా, గడువు రేపే కదా. కానీ ఒక్కొక్కళ్లు చెప్పగానే సార్ రాసింది రాసినట్టు చదవాలి. అవునంటేనే ఇంకొకళ్లు."

సెక్యూరిటీ పెద్దాయన మొదలుపెట్టాడు. నిద్రపోయినా ఇక్కడే పోతానన్నాడు. బావ రాసి చదివాడు. "విద్యార్థి తరగతుల పట్ల తన ఆసక్తిని వ్యక్తపరిచారు."

"నేనలా అనలేదు సార్," అన్నాడు పెద్దాయన, నొచ్చుకుంటూ.

బావ నాలుక కరుచుకుని కొట్టేశాడు. చెయ్యి మాట వినడంలేదు. వాళ్లు ఒకటంటే అది ఇంకొకటి రాస్తోంది. కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ చదివి, వాళ్లు తల ఊపాక ముందుకి జరిగాడు. లాండ్రీ ఆవిడ వంతు వచ్చినప్పుడు ఆవిడ నిన్నటి మాటలు అనలేదు. "పగలు రాలేను. చదువు పూర్తి చేయాలి," అంది. అంతే రాసుకోమంది. ఎవరి కోసమని చెప్పుకోను అన్న ముక్క ఎంత ఆగినా మళ్లీ రాలేదు. అడిగే మొహం ఆయనకి లేదు.

పేజీలు తొమ్మిదయ్యాయి. ఆఖర్న తన మాటగా ఇంకో వాక్యం కలిపాడు. ఇంతకుముందు తయారైన నివేదిక మీటింగు జరగకముందే నేను రాసినది, విద్యార్థులకి దానితో సంబంధం లేదు. అదీ చదివి వినిపించాక అందరూ సంతకాలు పెట్టారు. పొద్దున్న ప్రిన్సిపాల్ చదివి కళ్లజోడు తీశాడు.

"నిద్రపోతాడని రాశారేమిటండీ?"

"ఆయన అన్నాడు సార్."

"ఈ చివరి వాక్యం అక్కర్లేదు కదా?"

"ఉండనివ్వండి."

ప్రిన్సిపాల్ నిట్టూర్చి సంతకం పెట్టాడు. చాలా రోజులకి పైఆఫీసు జవాబు ఇచ్చింది. ఇప్పుడున్నవాళ్ల చదువు పూర్తయ్యేదాకా సాయంకాలం క్లాసులు నడపండి, కొత్తవాళ్లని చేర్చుకోవద్దు. ప్రిన్సిపాల్‌కి వచ్చిన ఉత్తరంలో బావ గురించి కూడా ఏదో ఉందట, ఆయన చూపించలేదు. నివేదికలు మాత్రం ఇంకొకరి చేతికి మారాయి. రెండు పేజీలన్న పేరు మారలేదు. కొత్తవాళ్లని చేర్చుకోవద్దన్న ముక్క ముందుముందు చేరాల్సిన ఇంకెందరి దారికి అడ్డం పడిందోనని బావ అప్పుడప్పుడు అనేవాడు. మొదట్లోనే నిజం రాసుంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. అదే ఆయన్ని తినేసేది.

లాండ్రీ ఆవిడ క్లాసు మానలేదు. నమస్కారం మానలేదు. జేబు జోకు మాత్రం మానేసింది. హాజరు కాగితమైనా, పరీక్ష హాల్లో ఇచ్చే కాగితమైనా, మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి చదివాకే సంతకం పెట్టేది. అంతసేపూ బావ పక్కన నిలబడేవాడు. "తొందరేం లేదమ్మా," అనేవాడు. ఆవిడ తల ఎత్తేది కాదు. డిగ్రీ పాసయ్యేదాకా అదే తంతు.

బావ వీధి చివరి నుంచి నడవడం మానేశాడు. చుట్టు తిరిగి వెనక సందులోంచి వచ్చేవాడు. చొక్కాలు అక్కో నేనో ఇచ్చి వచ్చేవాళ్లం. ఆవిడ పాసైన ఏడాది, అక్క ఊళ్లో లేనప్పుడు, నాకు ఉన్నట్టుండి కాలు బెణికింది. అలా బెణకడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. బావకి పెళ్లిళ్లకి వేసుకెళ్లడానికి ఉన్న ఒక్క మంచి చొక్కా సంచిలో వేసి ఇచ్చాను. ఆయన చాలాసేపు సంచి వంక చూసి బయలుదేరాడు. కాలు బెణికినవాణ్ణి వెనకాలే ఎలా వెళ్లానని అడక్కండి. లాండ్రీ ఎదురుగా టీ కొట్టు ఉంది, స్తంభం లావుగా ఉంటుంది.

కౌంటర్ దగ్గర ఇద్దరు ముగ్గురున్నారు. ఆవిడ చీటీ రాసి, గట్టిగా చదివి, అవునా అని అడిగి, చింపి ఇస్తోంది. బావ వంతు వచ్చింది. చొక్కా విప్పి చూసింది. జేబు దగ్గర వేలితో తడిమింది. చీటీ రాసింది. రాసి, చదవలేదు. పుస్తకం ఆయన వైపు తిప్పి ముందుకి జరిపింది.

"మీరే చదువుకోండి సార్."

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. తెల్ల చొక్కా ఒకటి. జేబు మీద ఇంకు మరక. ఆ రెండు ముక్కలు చదవడానికి చదువుకున్న మనిషికి ఎంతసేపు పడుతుంది? వెనకున్నవాళ్లు కాళ్లు మార్చుకున్నారు.

"ఉన్నది ఉన్నట్టు రాశానా సార్?"

"రాశావమ్మా."

"అయితే సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆవిడ చీటీ చింపి చేతికిచ్చి, తర్వాతి మనిషి సంచి అందుకుంది.

రోడ్డు దాటి వస్తూ నన్ను చూశాడు, రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నవాణ్ణి. కాలు సంగతి అడగలేదు. ఇద్దరం వెనక సందులోకి కాకుండా పెద్ద వీధి వెంటే నడిచాం. కొంతదూరం పోయాక ఆయన ఆగి, జేబులోంచి చీటీ తీసి మళ్లీ చదువుకున్నాడు.